రాతి మీద చెక్కించిన విశ్వాసం

మన చేతిలోని సెల్‌ఫోన్‌లో బ్లూటూత్ అనే సదుపాయం ఉంటుంది. దానితో వైరు లేకుండానే ఒక ఫోన్‌లోని పాటను మరో ఫోన్‌కు పంపుకుంటాం, ఇంట్లో స్పీకరుకు కలుపుకొని క్రైస్తవ గీతాలు వింటాం. ఆ చిన్న గుర్తును రోజూ చూస్తూనే ఉంటాం. కానీ బ్లూటూత్ అన్నది వెయ్యేళ్ల కిందట పరిపాలించిన ఒక రాజు పేరని మనలో ఎంతమందికి తెలుసు? ఆ గుర్తు కూడా ఆ రాజు పేరులోని మొదటి అక్షరాలే. పాతకాలపు ఉత్తర యూరప్ లిపిలోని రెండు అక్షరాలను ఒకదానిపై ఒకటి పేర్చి దాన్ని తయారుచేశారు. 1990ల రెండో సగంలో ఈ పద్ధతిని రూపొందిస్తున్నప్పుడు జిమ్ కార్డక్ అనే ఇంజినీరు ఈ పేరు సూచించాడు. చెల్లాచెదురుగా ఉన్న ప్రజలను ఆ రాజు ఒక్క రాజ్యంగా కలిపాడు గనుక, వేర్వేరు యంత్రాలను కలిపే పద్ధతికి ఆయన పేరు బాగుంటుందని అనుకున్నారు. తాత్కాలికంగా పెట్టుకున్న పేరే చివరకు స్థిరపడిపోయింది.

ఆ రాజు డెన్మార్క్ దేశపు హెరాల్డ్. ఆయన పన్నుల్లో ఒకటి చచ్చిపోయి నీలంగానో నల్లగానో కనిపించేది కాబట్టి నీలి పన్ను హెరాల్డ్ అనే పేరు వచ్చిందని చెబుతారు. ఇంజినీర్లు గుర్తుపెట్టుకున్నది ఆయన రాజ్యాన్ని కలిపిన సంగతి. విశ్వాసులమైన మనం గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉంది. తన ప్రజలను క్రైస్తవులుగా చేశానని పెద్ద బండరాయి మీద చెక్కించిన రాజు ఆయన. అదే రాజు తన సొంత కొడుకు తిరుగుబాటులో గాయపడి, పరాయి గడ్డమీద ప్రాణం విడిచాడు. ఒక ఊరిని, ఒక దేశాన్ని కలిపినవాడు తన ఇంటిని ఎందుకు నిలుపుకోలేకపోయాడు? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

విత్తినవారు ఒకరు, కోసినవారు మరొకరు

హెరాల్డ్ పుట్టేనాటికే డెన్మార్క్‌లో సువార్త విత్తనం పడి దాదాపు నూరేళ్లు అయ్యింది. 826వ సంవత్సరంలో ఆన్స్‌గార్ అనే యువ సన్యాసి ఫ్రాంకుల రాజ్యం నుండి డేనుల మధ్యకు బయలుదేరాడు. ఆ కాలంలో డేనులంటే యూరప్ వణికిపోయేది. ఓడల మీద వచ్చి, ఊళ్లు దోచి, మఠాలను తగలబెట్టి, మనుషులను బానిసలుగా పట్టుకుపోయే వైకింగులు వారు. 845లో ఆన్స్‌గార్ ఉంటున్న హాంబర్గ్ పట్టణాన్నే వారు కొల్లగొట్టారు. చర్చి, పుస్తకాలు అన్నీ పోయాయి. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. హెడెబీ, రీబె పట్టణాల్లో చర్చిలు నిలిపాడు. 865లో ఆయన చనిపోయేనాటికి కంటికి కనిపించే ఫలితం చాలా తక్కువ. విత్తనం మాత్రం నేలలో ఉండిపోయింది.

హెరాల్డ్ తండ్రి గోర్మ్. చరిత్రలో ఆయన్ని ముసలి గోర్మ్ అంటారు. ఓడిన్, థోర్ అనే పాత దేవతలను కొలిచినవాడు. తల్లి తైరా. ఆమె చనిపోయినప్పుడు గోర్మ్ ఆమె జ్ఞాపకార్థం యెల్లింగ్ అనే ఊరిలో ఒక రాయిని నిలబెట్టించాడు. తన భార్య డెన్మార్క్‌కే అలంకారమని దానిమీద రాయించాడు. డెన్మార్క్ అనే పేరు ఆ దేశపు నేలమీద మొదటిసారి రాతలో కనిపించేది ఆ రాతిమీదే. క్రూరులని పేరుపడిన ఆ జాతి రాజు తన భార్యను అంతగా గౌరవించాడంటే ఆమె ఎలాంటి ఇల్లాలో మనం ఊహించుకోవచ్చు.

బ్రెమెన్ పట్టణానికి చెందిన ఆడమ్ అనే చరిత్రకారుడు 1075 ప్రాంతంలో ఈ కుటుంబం గురించి రాశాడు. 936లో ఊని అనే ఆర్చిబిషప్ గోర్మ్ దగ్గరకు సువార్తతో వచ్చాడట. ముసలి రాజు మనసు కరగలేదు. అయితే పక్కనే ఉన్న యువరాజు హెరాల్డ్ మాత్రం ఆసక్తిగా విన్నాడు. అప్పుడు బాప్తిస్మం తీసుకోలేదు గాని, క్రైస్తవులను అడ్డుకోనని మాట ఇచ్చాడు. ఊని అదే ఏడాది స్వీడన్‌లోని బిర్కాలో కన్నుమూశాడు. తాను చెప్పిన మాట ఏమైందో ఆయన చూడలేదు. మనం సండేస్కూల్లో చెప్పే పాఠం, ఆస్పత్రి మంచం పక్కన చేసే ప్రార్థన ఎవరి హృదయంలో ఎప్పుడు మొలకెత్తుతుందో మనకూ తెలియదు. విత్తడం మన పని. మొలిపించడం దేవుని పని.

అన్నదమ్ముల దేవుళ్లు కాదు, ఒక్కడే దేవుడు

సుమారు 958లో గోర్మ్ చనిపోయాడు. ఆయన కోసం కట్టిన సమాధి గది దుంగలను ఇటీవలి శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఆ చెట్లను 958, 959 ప్రాంతంలో నరికారని తేల్చారు. పాత ఆచారం ప్రకారం పెద్ద మట్టిదిబ్బ కింద ఆయన్ని పాతిపెట్టారు. హెరాల్డ్ రాజయ్యాడు.

ఆయన క్రీస్తును అంగీకరించిన కథను విడుకింద్ అనే సాక్సన్ సన్యాసి రాశాడు. అది హెరాల్డ్ బతికుండగానే రాసింది కాబట్టి దానికి విలువ ఎక్కువ. ఒక విందులో రాజు ముందే చర్చ మొదలైంది. డేనులు క్రీస్తును దేవుడు కాదని అనలేదు. ఆయన కూడా ఒక దేవుడే అన్నారు. అయితే ఆయనకన్నా పెద్ద దేవుళ్లు తమకు ఉన్నారని, వారు ఇంకా గొప్ప సూచనలు చూపారని వాదించారు. అక్కడే ఉన్న పొప్పో అనే దైవసేవకుడు లేచాడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అయిన ఒక్కడే దేవుడని, మిగిలినవి దేవుళ్లు కావని ధైర్యంగా చెప్పాడు. రాజు ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు, ఎక్కువగా వినే మనిషి అని విడుకింద్ అంటాడు. ఆ మాటను నీ శరీరంతో రుజువు చేస్తావా అని రాజు అడిగాడు. పొప్పో వెనకాడలేదు.

మర్నాడు బరువైన ఇనుమును ఎర్రగా కాల్చారు. పొప్పో దాన్ని చేత్తో పట్టుకొని రాజు చాలనేదాకా మోశాడు. తర్వాత చెయ్యి చూపించాడు. ఏ గాయమూ లేదట. ఆ రోజే హెరాల్డ్ తన ప్రజలు క్రీస్తును మాత్రమే ఆరాధించాలని నిర్ణయించాడు. ఇది 965 ప్రాంతంలో జరిగిందని చరిత్రకారుల అంచనా. తర్వాతి కాలంలో టామ్‌డ్రుప్ అనే ఊరి చర్చిలో బంగారు పూత రేకుల మీద ఈ కథనే బొమ్మలుగా మలిచారు. తొట్టిలో నిలబడి బాప్తిస్మం తీసుకుంటున్న రాజు అందులో కనిపిస్తాడు. ఆ రేకులు ఇప్పుడు కోపెన్‌హాగన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

కర్మెలు పర్వతం మీద ఏలీయా నిలబడిన సంగతి మనకు గుర్తుకొస్తుంది. ఇద్దరు యజమానుల మధ్య ఊగిసలాడే ప్రజలను ఎవరో ఒకరు నిలదీయాలి. క్రీస్తు కూడా ఒక దేవుడే అనే మాట డేనులు మాత్రమే అనలేదు. మన చుట్టూ రోజూ వినిపించే మాటే అది. ఆ మాట మర్యాదగానే ఉంటుంది, గొడవ లేకుండా ఉంటుంది. కానీ ఆ మర్యాదలో రక్షణ లేదు.

ఇంకో నిజం కూడా మనం దాచకూడదు. హెరాల్డ్ నిర్ణయం వెనుక రాజకీయమూ ఉందని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. దక్షిణాన జర్మన్ చక్రవర్తి మొదటి ఓటో బలంగా ఉన్నాడు. అన్యులను క్రైస్తవులుగా చేస్తానంటూ ఆయన సైన్యంతో దిగితే ఆపడం కష్టం. రాజే ముందుగా క్రైస్తవుడైతే ఆ సాకు ఉండదు. మరి హెరాల్డ్ నమ్మింది క్రీస్తునా, లేక తన సింహాసనం భద్రతనా? రెండూ కలిసే ఉండవచ్చు. మనం క్రీస్తు దగ్గరకు వచ్చినప్పుడు మన ఉద్దేశాలన్నీ వడకట్టిన నీళ్లలా ఉన్నాయా? జబ్బు తగ్గాలని కొందరం, ఉద్యోగం రావాలని కొందరం, పెళ్లి కోసం కొందరం వచ్చాం. ప్రభువు మనల్ని మొదటి రోజున తోసివేయలేదు. వచ్చిన తర్వాత మనం ఎలా నిలిచామన్నదే ప్రశ్న.

తల్లిదండ్రుల కోసం ఒక రాయి

హెరాల్డ్ యెల్లింగ్‌లో చేసిన పని చూస్తే ఆయన తల్లిదండ్రుల్ని ఎంత ప్రేమించాడో తెలుస్తుంది. అక్కడ దాదాపు 8 అడుగుల ఎత్తు, 10 టన్నుల బరువున్న బండరాయిని నిలబెట్టించాడు. దానికి మూడు ముఖాలు. ఒక ముఖం మీద రాత. తన తండ్రి గోర్మ్, తల్లి తైరాల జ్ఞాపకార్థం దీన్ని చేయించానని, డెన్మార్క్ అంతటినీ, నార్వేనూ గెలిచిన హెరాల్డ్‌ను తానేనని, డేనులను క్రైస్తవులుగా చేశానని ఆ రాత సారాంశం. రెండో ముఖం మీద పాము చుట్టుకున్న ఒక పెద్ద మృగం. మూడో ముఖం మీద చేతులు చాచి నిలబడిన యేసుక్రీస్తు. ఆ ఉత్తర దేశాలన్నింటిలో మనకు దొరికిన మొదటి పెద్ద క్రీస్తు రూపం అదే. అక్కడ సిలువ దుంగ కనిపించదు. కొమ్మలు, తీగలు ఆయన శరీరాన్ని చుట్టుకొని ఉంటాయి. వేదనతో వాలిన తల కాదు, విజయంతో నిలబడిన రాజు. యుద్ధం తప్ప మరొకటి తెలియని జనానికి క్రీస్తును పరిచయం చేయడానికి ఆ శిల్పి ఎంచుకున్న పద్ధతి అది.

ఆ రాయిని డెన్మార్క్ దేశపు బాప్తిస్మపు సర్టిఫికెట్ అని అక్కడివాళ్లు పిలుచుకుంటారు. 1994లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. 2011లో గాజు గది కట్టి ఎండకు వానకు పాడవకుండా కాపాడుతున్నారు. ఆ క్రీస్తు రూపాన్ని డెన్మార్క్ పాస్‌పోర్టులో కూడా ముద్రించారు.

తండ్రిని పాతిపెట్టిన దిబ్బను తవ్విచూస్తే అందులో గోర్మ్ ఎముకలు లేవు. 1970ల చివర్లో పక్కనే ఉన్న యెల్లింగ్ చర్చి నేల కింద తవ్వినప్పుడు ఒక పురుషుని ఎముకలు దొరికాయి. వాటిని ఒకచోటి నుండి ఇంకో చోటికి మార్చినట్టు ఆనవాళ్లు ఉన్నాయి. అవి గోర్మ్‌వేనని, క్రైస్తవుడైన కొడుకు తండ్రిని దిబ్బ నుండి చర్చిలోకి తెచ్చాడని కొందరు పండితుల అభిప్రాయం. మరికొందరు ఒప్పుకోరు. నిజంగా అలా జరిగి ఉంటే, ఆ కొడుకు బాధ మనకు అర్థమవుతుంది. క్రీస్తును ఎరుగకుండా పోయిన తల్లిదండ్రుల్ని తలుచుకొని కన్నీరు పెట్టుకునేవారు మన సంఘాల్లో ఎంతమంది లేరు! ఎముకలను చర్చిలోకి తెచ్చినంత మాత్రాన రక్షణ రాదని మనకు తెలుసు. అయినా ఆ ప్రేమను మనం తప్పు పట్టలేం. వారు బతికుండగానే చెప్పాలన్న పాఠం మాత్రం నేర్చుకోవాలి.

రాజాజ్ఞతో మారని హృదయాలు

డేనులను క్రైస్తవులుగా చేశానని రాతిమీద రాయడం తేలిక. హృదయాల్లో రాయడం అంత తేలిక కాదు. ఉత్తర జట్లాండ్‌లోని ట్రెండ్‌గోర్డెన్ అనే చోట ఆ కాలపు ఒక రాతి అచ్చు దొరికింది. కంసాలి కరిగిన వెండిని అందులో పోసి మెడలో వేసుకునే లాకెట్లు తయారుచేసేవాడు. ఆ ఒక్క అచ్చులోనే సిలువకు చోటు ఉంది, థోర్ దేవుని సుత్తికీ చోటు ఉంది. ఏ గిరాకీ వస్తే వారికి అది పోసి ఇచ్చేవాడన్నమాట. బహుశా రెండూ కొనుక్కున్నవాళ్లూ ఉండేవారేమో. ఆదివారం ఒకటి, కష్టం వచ్చినప్పుడు ఇంకొకటి.

ఆ కంసాలిని చూసి మనం నవ్వుకోవచ్చు. కానీ మన ఇళ్లలో ఆ అచ్చు లేదా? ప్రార్థన చేసి, మళ్లీ ముహూర్తం కోసం ఎవరినో అడిగేవారు లేరా? సిలువ మెడలో ఉండి, కులగర్వం గుండెలో ఉండటం ఆ రెండు గుంటల అచ్చు కాదా? బాప్తిస్మం తీసుకున్న దేశమంతా మారుమనస్సు పొందిన దేశం కాదు. బాప్తిస్మం తీసుకున్న ఇల్లంతా కూడా అంతే.

హెరాల్డ్ మాత్రం కట్టుకుంటూ పోయాడు. వేలె నది లోయమీద 760 మీటర్ల పొడవున చెక్క వంతెన కట్టించాడు. దేశం నలుమూలలా గిరిగీసినట్టు గుండ్రంగా ఉండే కోటలు లేపించాడు. వాటిలో ఒకటైన ట్రెల్లెబోర్గ్ కోట దుంగలను 980, 981 ప్రాంతంలో నరికారని తేలింది. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు, లోపల కొలిచి కట్టినట్టు 16 పొడవాటి ఇళ్లు. 2023లో యునెస్కో ఈ కోటలను కూడా వారసత్వ సంపదల్లో చేర్చింది. ఆ రోజుల్లో ఇంజినీర్లంటే ఎవరో మనకు తెలియదు గాని, ఆ లెక్క చూసి ఈనాటి ఇంజినీర్లే ఆశ్చర్యపోతారు.

అయితే ఆ ఓకు చెట్లన్నీ ఎవరు నరికారు? ఆ మట్టి ఎవరు మోశారు? ప్రజలే. పైగా 974లో చక్రవర్తి రెండో ఓటో చేతిలో ఓడిపోయి దక్షిణ సరిహద్దు పోగొట్టుకున్నాడు. 983లో దాన్ని తిరిగి సంపాదించాడు. యుద్ధాల ఖర్చు, కట్టడాల చాకిరీ, కొత్త మతం మీద పాత కోపం, ఇవన్నీ కలిసి జనంలో అసంతృప్తి రాజుకుంది. సొలొమోను గొప్ప కట్టడాల భారం ఆయన కొడుకు కాలంలో రాజ్యాన్ని ఎలా చీల్చిందో మనం బైబిల్లో చదివిందే. హెరాల్డ్‌కు ఆ చీలిక తన కాలంలోనే, తన ఇంట్లోనే వచ్చింది.

రాయిని లాగుతున్న తండ్రి, రాజ్యాన్ని లాక్కున్న కొడుకు

హెరాల్డ్ భార్యల్లో ఒకామె పేరు టోవ. ఆమె స్లావు జాతి రాజు మిస్తివోయ్ కూతురు. తన తల్లి జ్ఞాపకార్థం ఆమె వేయించిన రాయి ఇప్పటికీ సోండర్ విస్సింగ్ చర్చిలో ఉంది. అందులో తన భర్తను మంచి హెరాల్డ్ అని రాయించింది. తల్లిని తలుచుకునే కోడలు, తల్లిదండ్రులను తలుచుకునే కొడుకు. పెద్దలను గౌరవించే విషయంలో ఆ ఇంటికి లోటు లేదు. లోటు ఉన్నది తర్వాతి తరంలో.

హెరాల్డ్ కొడుకు స్వేన్. చీలిన గడ్డం వల్ల అతనికి ఫోర్కుగడ్డం స్వేన్ అని పేరు. 986 ప్రాంతంలో అతను తండ్రి మీద తిరగబడ్డాడు. తండ్రి స్వేన్‌ను తన కొడుకుగా ఒప్పుకోలేదని, అందుకే కక్ష పెరిగిందని తర్వాతి కాలపు ఐస్‌లాండ్ కథలు చెబుతాయి. క్రైస్తవ విశ్వాసం మీద కోపంతోనే తిరగబడ్డాడని ఆడమ్ రాశాడు. ఏది ఎంతవరకు నిజమైనా తండ్రీకొడుకుల మధ్య ఒక పెద్ద అగాధం ఉందన్నది నిజం.

ఆ తిరుగుబాటు గురించి సాక్సో అనే డేనిష్ చరిత్రకారుడు 1200 ప్రాంతంలో ఒక కథ రాశాడు. జట్లాండ్ సముద్రతీరంలో హెరాల్డ్‌కు ఒక పెద్ద బండరాయి కనిపించింది. దాన్ని తల్లి సమాధి దగ్గర పెట్టించాలని ఆశపడ్డాడు. సైనికులను, ఎద్దులను కాడికి కట్టి ఆ రాయిని లాగించడం మొదలుపెట్టాడు. సైన్యమంతా చెమటోడుస్తోంది. అప్పుడే నౌకాదళం దగ్గరనుండి ఒక మనిషి వచ్చాడు. ఇంత పెద్ద బరువును మనుషులు లాగడం ఎప్పుడైనా చూశావా అని రాజు అతన్ని గర్వంగా అడిగాడు. దానికి ఆ మనిషి, చూశాను, ఇంతకన్నా పెద్ద బరువును లాగడం ఈమధ్యే చూశానన్నాడు. ఏమిటా బరువని రాజు అడిగితే, నీ కొడుకు స్వేన్ డెన్మార్క్ రాజ్యాన్నే లాక్కున్నాడని జవాబిచ్చాడు. రాజు రాయిని లాగిస్తున్న సమయంలో ప్రజలు విసిగిపోయి కొడుకు పక్షం చేరారట.

రెండు వందల ఏళ్ల తర్వాత రాసిన కథ కాబట్టి ఇది ఇలాగే జరిగిందని మనం చెప్పలేం. కానీ ఆ కథ చెప్పినవాళ్లకు మనిషి స్వభావం బాగా తెలుసు. చనిపోయిన తల్లి కోసం రాయి లాగుతున్న తండ్రికి, బతికున్న కొడుకు ఏ దారిన పోతున్నాడో చూసే తీరిక లేకపోయింది.

యొర్దాను నది దాటినప్పుడు యెహోషువ 12 రాళ్లను నిలబెట్టించాడు. ఎందుకు? ఆ రాళ్లేమిటని ముందుతరం పిల్లలు తండ్రుల్ని అడగాలి, అప్పుడు తండ్రులు దేవుని కార్యాలను చెప్పాలి. అంటే రాయి మాట్లాడదు, తండ్రి మాట్లాడాలి. రాయి ప్రశ్న పుట్టిస్తుందంతే. జవాబు ఇంట్లోనుండి రావాలి. యెల్లింగ్ రాయి వెయ్యేళ్లుగా నిలిచి ఉంది. దాని పక్కన కూర్చొని స్వేన్‌కు ఆ చేతులు చాచిన క్రీస్తు ఎవరో హెరాల్డ్ చెప్పాడా? చరిత్ర పుస్తకాల్లో ఆ సంగతి కనిపించదు.

పరాయివాళ్ల ఇంట్లో మరణం

యుద్ధంలో హెరాల్డ్ గాయపడ్డాడు. ఎలాగో ఓడెక్కి బాల్టిక్ సముద్రం దాటి, స్లావుల పట్టణమైన యుమ్నె చేరాడు. అది నేటి పోలండ్‌లోని వోలిన్ అని చెబుతారు. అక్కడివారు క్రీస్తును ఎరుగనివారు. తనను చంపుతారేమోనని అనుకున్న రాజును వారు దయతో చేర్చుకున్నారని ఆడమ్ రాశాడు. సొంత కొడుకు తరిమితే అన్యులు ఆశ్రయమిచ్చారు. మంచి సమరయుని కథ మనకు గుర్తు రాకమానదు. కొద్దిరోజులకే, నవంబరు 1న, ఆ గాయంతోనే హెరాల్డ్ కన్నుమూశాడు. ఆయన మనుషులు శవాన్ని డెన్మార్క్‌కు తెచ్చి, రోస్కిల్డే పట్టణంలో ఆయన త్రిత్వం పేరిట కట్టించిన చర్చిలో పాతిపెట్టారు.

జర్మనీకి చెందిన ర్యూగెన్ దీవిలో 2018లో ఒక వెండి నిధి బయటపడింది. అందులో వందకు పైగా నాణేలు హెరాల్డ్ కాలానివి. ఆయన కొట్టించిన కొన్ని నాణేల మీద సిలువ గుర్తు ఉంటుంది. ఆ నిధిని 980ల చివర్లో దాచారని అంచనా. రాజు పారిపోయిన ఆ కల్లోలంలోనే ఎవరో దాన్ని హడావుడిగా పూడ్చిపెట్టి ఉంటారని పరిశోధకులు భావిస్తున్నారు. తిరిగి తీసుకోవడానికి ఎవరూ రాలేదు.

దావీదుకూ ఇలాంటి రోజే వచ్చింది. అబ్షాలోము తిరగబడితే చెప్పుల్లేని కాళ్లతో, తలకు ముసుగు వేసుకొని ఏడుస్తూ కొండ ఎక్కాడు. దేవుని హృదయానుసారుడైన మనిషి ఇంట్లోనే అది జరిగింది. కాబట్టి బిడ్డ దారితప్పిన ఏ తల్లిదండ్రులనూ మనం వేలెత్తి చూపకూడదు. వాళ్ల విశ్వాసం సరిగా లేదు కాబట్టే ఇలా అయిందని తీర్పు తీర్చకూడదు. వారి పక్కన కూర్చొని ప్రార్థించడమే మనం చేయగలిగింది.

దేవుడు వదిలిపెట్టని వంశం

కథ ఇక్కడితో అయిపోలేదు. స్వేన్ విశ్వాసాన్ని తుడిచిపెట్టడానికే వచ్చినవాడైతే, డెన్మార్క్‌లో క్రైస్తవ్యం అక్కడే ఆగిపోవాలి. అలా జరగలేదు. 995 ప్రాంతంలో స్వేన్ తన పేరుతో నాణేలు కొట్టించాడు. డెన్మార్క్‌లో రాజు పేరున్న మొదటి నాణెం అదే. దాని వెనుకవైపు సిలువ ఉంది. తండ్రిని తరిమిన కొడుకు తండ్రి దేవుని గుర్తును మాత్రం తీసివేయలేకపోయాడు. 1013లో అతను ఇంగ్లండును జయించాడు. కొద్ది వారాలకే, 1014 ఫిబ్రవరి 3న చనిపోయాడు. తండ్రి నుండి లాక్కున్న కిరీటాన్ని, ఇంగ్లండు కిరీటాన్ని రెండింటినీ ఇక్కడే వదిలిపెట్టి వెళ్లాడు.

స్వేన్ కొడుకు క్నూట్. ఇంగ్లండు, డెన్మార్క్, నార్వే మూడింటికీ రాజైనవాడు. సముద్రపు అలలను ఆగమంటే ఆగలేదని, రాజులకన్నా దేవుడే గొప్పవాడని తన భజనపరులకు బుద్ధి చెప్పిన కథలోని రాజు ఈయనే. ఆయనా మచ్చలేనివాడు కాదు. చెల్లెలు ఎస్ట్రిడ్ భర్త ఉల్ఫ్‌ను రోస్కిల్డేలో చంపించాడన్న నింద ఆయన మీద ఉంది. అయినా 1027లో రోమ్ నగరానికి వెళ్లి ప్రార్థించి, తన ప్రజలకు ఒక ఉత్తరం రాశాడు. యవ్వనంలో చేసిన తప్పులను దిద్దుకుంటానని, న్యాయంగా పరిపాలిస్తానని, రాజు ఖజానా కోసం ఎవరినీ అన్యాయంగా పీడించవద్దని అధికారులకు ఆజ్ఞాపిస్తున్నానని అందులో చెప్పాడు. తాత రాతిమీద తన విజయాలను రాయించాడు. మనవడు కాగితం మీద తన తప్పులను ఒప్పుకున్నాడు. విశ్వాసం మూడో తరానికి వచ్చేసరికి కొంచెం లోతుకు దిగిందని మనం అనుకోవచ్చు.

ఎస్ట్రిడ్ కొడుకు స్వెండ్ 1047లో డెన్మార్క్ రాజయ్యాడు. ఆడమ్ చరిత్ర రాయడానికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి ముత్తాత కథలన్నీ చెప్పింది ఈ రాజే. హెరాల్డ్ మరణం గురించి మనకు తెలిసిన సంగతుల్లో చాలావరకు అలా వచ్చినవే. అంటే ఆ ఇంట్లో ఎవరో పిల్లలకు చెబుతూనే ఉన్నారు. తిమోతికి విశ్వాసం మొదట అవ్వ లోయి నుండి, తల్లి యునీకే నుండి వచ్చినట్టు, ఈ ఇంట్లోనూ పేరుకెక్కని తల్లులు ఆ జ్ఞాపకాన్ని మోసి ఉంటారు.

ఇంకా కొన్ని వందల ఏళ్లకు, 1536లో డెన్మార్క్ దేశం లూథరన్ విశ్వాసాన్ని స్వీకరించింది. అదే డెన్మార్క్ సింహాసనం మీద కూర్చున్న నాలుగో ఫ్రెడరిక్ రాజు పంపిన మిషనరీలు జీగెన్‌బాల్గ్, ప్లూట్షో 1706 జూలై 9న తమిళనాడులోని తరంగంబాడి చేరారు. మన దేశానికి వచ్చిన మొదటి ప్రొటెస్టెంట్ మిషనరీలు వారే. ఆ మిషన్‌కే 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసులో పనిచేస్తూ తెలుగు నేర్చుకున్నాడు. బైబిలును తెలుగులోకి తర్జుమా చేశాడు. అది అచ్చు కాలేదు గాని, తెలుగువాడికి తన భాషలో దేవుని వాక్యం అందాలన్న ప్రయాస అక్కడ మొదలైంది. ఓడల మీద దోచుకోవడానికి బయలుదేరిన జాతి, ఏడు వందల ఏళ్ల తర్వాత ఓడల మీద సువార్తను పంపింది. యుమ్నె పట్టణంలో ఓడిపోయి చనిపోతున్న ఆ ముసలి రాజు ఇది ఊహించగలిగేవాడా?

మన ఇంటి గోడ మీద ఏముంది?

మన ఊళ్లలో కొత్త మందిరం కట్టినప్పుడు గోడకు శిలాఫలకం పెడతాం. ప్రతిష్ఠ ఎవరు చేశారు, స్థలం ఎవరిచ్చారు, ఎంతిచ్చారు అన్నీ చెక్కిస్తాం. పేరు ఒక వరస కిందికి జారిందని అలిగి చర్చి మానేసినవాళ్లను కూడా మనం చూశాం. అందులో తప్పేమీ లేదని అనుకున్నా, ఒక్కమాట ఆలోచించాలి. ఆ ఫలకం మీద తాతపేరు ఉండి, ఆ మందిరపు బల్లమీద మనవడు లేకపోతే ఆ రాయి ఎవరికి సాక్ష్యం?

హెరాల్డ్ చెడ్డవాడు కాదు. పొప్పో మాట విన్నాడు, క్రీస్తును ఒప్పుకున్నాడు, తల్లిదండ్రుల్ని గౌరవించాడు, చర్చి కట్టాడు. మనలో చాలామందిమి చేసేదీ ఇదే. కానీ రాతి పలక మీద కాదు, మెత్తని హృదయమనే పలక మీద రాసిన ఉత్తరాలే దేవునికి ఇష్టమని అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘానికి నేర్పాడు. ఆ పలక మన ఇంట్లోనే ఉంది. స్కూలు నుండి వచ్చి సంచి మూలన పడేసి సెల్‌ఫోన్ అందుకునే బిడ్డ హృదయమే ఆ పలక.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఐదు నిమిషాలు ఎక్కువ తీసుకుందాం. మనం ప్రభువును ఎలా ఎరిగామో, ఎక్కడ తప్పిపోయామో, ఆయన ఎలా మళ్లీ దారిలో పెట్టాడో మన పిల్లలకు మన నోటితోనే చెబుదాం. బిడ్డ మాట్లాడటం మానేసిన ఇల్లయితే, కోపం పక్కనపెట్టి ముందుగా మనమే ఫోన్ చేద్దాం. దూరంగా ఉన్నవాళ్లను కలపడానికే కదా ఆ రాజు పేరును ఫోన్లకు పెట్టుకున్నాం. ఇంట్లోవాళ్లను కలపడం మాత్రం ఏ యంత్రం వల్లా కాదు. అది ప్రార్థనతో, ప్రేమతో మనం చేయవలసిన పని. తండ్రుల హృదయాలను పిల్లల తట్టు, పిల్లల హృదయాలను తండ్రుల తట్టు తిప్పగల దేవుడు మనందరి ఇళ్లలో ఆ కార్యం జరిగించును గాక. ఆమేన్.